రూడీబాయి సింహాల టికెట్

సింహాలు చూడ్డానికి టికెట్ కావాలని రూడీబాయి నా కొట్టుకొచ్చి అడిగినప్పుడు, ఎవరో చుట్టాల కోసం అడుగుతోందనుకున్నాను. దీపావళి సెలవులు. సూరత్ నుంచో రాజ్‌కోట్ నుంచో ఎవరో దిగి ఉంటారు.

"ఎంతమంది వచ్చారు ఆయీ?" అన్నాను.

"ఎవరొచ్చారు? ఎవరూ రాలేదు. నాకూ మా ఆయనకూ. ఇద్దరికి."

తలాలా బస్టాండు పక్కన నాది జిరాక్సు కొట్టు. పింఛను దరఖాస్తులు, రేషన్ కార్డులో తప్పులు, పిల్లల పరీక్ష ఫీజులు అన్నీ అక్కడే. సఫారీ పర్మిట్లు కూడా తీసిస్తాను. కాని అవి తీసుకునేది బయటివాళ్లు. మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లెవరూ టికెట్ కొని సింహాన్ని చూడరు. మామిడి తోటకి నీళ్లు పెట్టడానికి వెళ్తే అదే గట్టు మీద కనిపిస్తుంది. పక్కకి తప్పుకుని వచ్చేస్తాం.

అందులోనూ రూడీబాయి. ఆవిడ గేదెలు మేపుకునే చారణుల ఇంటి మనిషి, ఆ ఇళ్ల ఆడవాళ్లని ఆయీ అనే పిలుస్తాం. గిర్ అడవి లోపల రాయణీ నెస్‌లో పుట్టింది, ఆ నెస్‌లోనే కాపురానికొచ్చింది. చుట్టూ ముళ్లకంచె, కంచెలోపల నాలుగైదు మట్టి ఇళ్లు, ఇళ్ల మధ్యలో గేదెలు. నెస్ అంటే అంతే. కంచె అవతల సింహం గొంతు వినిపిస్తే అది ఆకలి మీదుందో, ఊరికే తిరుగుతోందో చెప్పేదని మా అత్తగారు అనేది. నలభై అయిదేళ్ల కిందట నెస్‌లను ఖాళీ చేయించి అడవి బయట భూములిచ్చినప్పుడు, చంకలో కొడుకు రాంకూని వేసుకుని, పదకొండు గేదెలను ముందు నడిపించుకుంటూ మొగుడితో బయటికొచ్చింది. అప్పట్నుంచీ అడవి అంచునున్న ఊళ్లో ఉంటున్నారు. ఇప్పుడు ఆవిడకి డెబ్బై దాటాయి. మోచేతుల దాకా పచ్చబొట్లు, భుజాల మీద నల్ల ఉన్ని ఓఢణీ, ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే జవాబు చెప్పే నోరు.

"మీకెందుకు ఆయీ సింహాలు? నాతో వేళాకోళమా?"

"వేళాకోళానికి ఎండలో పడి బస్సెక్కి వస్తానా? ఇంట్లో కోడలుంది, దాంతో ఆడుకుంటాను. నువ్వు రాయి."

సరే, రాయడం మొదలుపెట్టాను. మొగుడి పేరు అడిగితే చెప్పలేదు. ఆధార్ కార్డు తీసి గాజుబల్ల మీద పెట్టి వేలితో చూపించింది. వాజ్‌సుర్ అని ఉంది. ఆవిడ కార్డు కూడా చూశాను. ఇద్దరూ జనవరి ఒకటో తారీకునే పుట్టారు.

"ఒకే రోజు పుట్టారేంటి ఆయీ?"

"మా నెస్‌లో అందరం ఆ రోజే పుట్టాం. కార్డు రాసుకునే బాబు అలా అన్నాడు."

అడవిలోకి వెళ్లే జీపులకు మూడు వారాల దాకా ఖాళీ లేదు. ఆ మాటే చెప్పాను. ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో మళ్లీ అడిగాను. "చూడాలి," అంది. ఏం చూడాలో చెప్పలేదు. నాకేమీ అర్థం కాక, రాంకూకి ఫోన్ చేశాను. అతను డెయిరీ దగ్గర పాలు పోయిస్తున్నాడు, వెనక క్యాన్ల చప్పుడు.

"మా అమ్మ మళ్లీ వచ్చిందా? వారం నుంచి ఇదే పాట బెన్. ఏం చేస్తాం, సింహం గ్యారంటీగా కనిపించేదేదో చూసి తీసెయ్యి. ఓసారి చూస్తే వదిలేస్తుంది."

సింహం తప్పకుండా కనిపించేది దేవళియాలో. అక్కడ అడవిలో కొంత మేర చుట్టూ కంచె వేసి ఉంటుంది, బస్సులో తిప్పి చూపిస్తారు. గంటలో పని అయిపోతుంది. ముసలివాళ్లకు కుదుపులు కూడా ఉండవు. మరుసటి మంగళవారానికే దొరికింది. మంచి పని చేశాననుకున్నాను.

బుధవారం పొద్దున్న నేను షట్టరు ఎత్తేసరికి రూడీబాయి మెట్ల మీద కూర్చుని ఉంది.

"కంచన్ బెన్, మమ్మల్ని పశువుల దొడ్లోకి పంపావు."

"సింహాలు కనిపించలేదా?"

"కనిపించాయి. నాలుగు. రోడ్డు పక్కన పడుకున్నాయి, పక్కింటి కుక్కల్లాగ. ఈయన ఊరుకున్నాడా? పక్కనున్న సూరత్ ఆయన్ని పట్టుకుని, వీటినెవరు కట్టేశారు, మేతకు ఎప్పుడు వదుల్తారు అని అడగడం. ఆ సూరత్ ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత ఈయన బస్సు అద్దం మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఇటు కాదు, మన నెస్ ఇటు కాదు, దింపండి అని. డ్రైవరు కేకలేశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

అప్పుడు గాని అసలు సంగతి చెప్పలేదు. ఏడాదిగా వాజ్‌సుర్ బాపాకి మతి నిలవడం లేదు. పొద్దున్నంతా బాగానే ఉంటాడు. రొట్టె తింటాడు, మజ్జిగ తాగుతాడు, మనవరాలితో మాట్లాడతాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి కర్ర తీసుకుని బయల్దేరతాడు. నెస్‌లో పాలు పిండే వేళయిందంటాడు. రెండుసార్లు అడవిలోకి వెళ్లిపోతే గార్డులు మోటారు సైకిలు మీద ఎక్కించుకొచ్చి దింపారు. ఇంకోసారి కాలువగట్టు మీద ఆరు మైళ్ల దూరంలో దొరికాడు. రాంకూ గేటుకి తాళం వేశాడు. ఇప్పుడు రోజూ ఆ వేళకి గేటు పట్టుకుని ఊపుతూ నిలబడతాడట.

"తాళం కప్ప చప్పుడు వింటూ రొట్టెలు చేస్తున్నాను బెన్. చేతులాడడం లేదు," అంది. "నెస్ లేదు, ఎప్పుడో పోయింది అంటే నమ్మడు. నేనే అబద్ధమాడుతున్నానంటాడు. ఒక్కసారి తీసుకెళ్లి చూపిస్తే సరిపోతుంది. కంచె లేదు, ఇళ్లు లేవు, గేదెల్లేవు. కళ్లతో చూశాక ఎందుకు నమ్మడు? గార్డుని అడిగాను. అలా వెళ్లకూడదు ఆయీ, టూరిస్టులైతే టికెట్ మీద వెళ్తారు అన్నాడు. సరే, టూరిస్టులమవుతాం. ఏం పోయింది?"

ఇది ముందే చెప్తే దేవళియాకి ఎందుకు పంపుతాను? అదే అన్నాను.

"మొగుడికి మతిపోయిందని బస్టాండులో నిలబడి చెప్పుకోవాలా?" అంది.

రాంకూకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పేసరికి అతను నా మీదా, తల్లి మీదా కలిపి విసుక్కున్నాడు. కాసేపటికి తల్లిని తీసుకెళ్లడానికి కొట్టుకొచ్చి, నా ముందే అన్నాడు.

"నాన్నేమో లేని ఊరికి నడుస్తానంటాడు. నువ్వేమో లేని ఊరికి టికెట్ కొంటానంటావు. మీ ఇద్దరిలో ఎవరికి మందు వెయ్యాలో చెప్పమ్మా."

"నీకు వెయ్యాలి. కన్నతండ్రికి తాళం వేశావు."

"వెయ్యకపోతే ఏ బావిలో వెతకాలి?"

  ఇద్దరూ నావైపు చూశారు. నేను ప్రింటరులో కాగితాలు సర్దుకున్నాను.

డిసెంబరు మొదటి వారంలో మధ్యాహ్నం మూడింటికి బయల్దేరే ట్రిప్పుకి జీపు దొరికింది. ఆ వేళే కావాలని రూడీబాయి పట్టుబట్టింది. ఆయన గేటు పట్టుకుని నిలబడే వేళకి అడవిలో ఉండాలని. కాని ఇంకో చిక్కు వచ్చింది. అడవిలో జీపులు తిరిగే దారులకు నంబర్లుంటాయి. ఎవరికి ఏది వస్తుందో బయల్దేరేటప్పుడే తెలుస్తుంది. రాయణీ నెస్ ఏ నంబరు దారిలో ఉందో కనుక్కుందామని, నాకు తెలిసిన గైడు జుమాభాయ్‌ని అడిగాను. అతను సిద్దీ, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ల వంశం, అడవి అంచునే పుట్టిన మనిషి, ఇరవై ఏళ్లుగా గైడు.

"రాయణీ నెస్సా?" అని తల గోక్కున్నాడు. "మా నాన్న అనేవాడు. అది నీళ్ల తొట్టి దగ్గరో, లేకపోతే పైన గుట్ట కిందో. రెండు చోట్లా రాళ్లు పడి ఉన్నాయి. ఏ రాళ్లు ఎవరి ఇంటివో ఎవరికి తెలుసు?"

రూడీబాయి అక్కడే ఉంది. "మమ్మల్ని ఆ దారికే పంపు భాయ్."

"దారి నేనిచ్చేది కాదు ఆయీ. కంప్యూటర్ ఇస్తుంది."

"మా నెస్ ఎక్కడుందో కంప్యూటర్‌కి తెలుసా?"

జుమాభాయ్ నావైపు చూశాడు, ఈ ప్రశ్న నీ శాఖది అన్నట్టు. తెలియదని చెప్పాను. తెలియనిదాని చేతిలో ఎందుకు పెట్టారని ఆవిడ అడిగింది. అది నాకూ తెలియదు.

రాంకూకి సాయంత్రం గేదెల పని. అందుకని వాళ్లతో నేను వెళ్లాల్సివచ్చింది. ముప్ఫై ఏళ్లుగా తలాలాలో ఉంటున్నాను, ఎన్ని వందల పర్మిట్లు తీశానో లెక్కలేదు, ఆ జీపు ఎక్కడం నాకూ అదే మొదలు. జీపులు బయల్దేరే సాసణ్‌లో కౌంటరు దగ్గర మాకు ఆరో నంబరు వచ్చింది. జుమాభాయ్ అడిగి మరీ మా జీపుకి వచ్చాడు. ఆరో నంబరు నీళ్ల తొట్టి మీదుగా పోతుంది, గుట్ట వైపు పోదు అని చెప్పాడు. అంటే సగం ఆశ.

వాజ్‌సుర్ బాపా పెళ్లికి వెళ్తున్నట్టు తయారై వచ్చాడు. కుచ్చుల తెల్లచొక్కా, తెల్ల తలపాగా, చెవులకి బంగారు పోగులు. మనిషి సన్నగా, నిటారుగా ఉన్నాడు. జుమాభాయ్ చేతులు కట్టుకుని, "బాపా, తెలుపు సింహానికి దూరానికే కనిపిస్తుంది. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుంటారా?" అన్నాడు.

"నా తలపాగా దానికి తెలుసు," అన్నాడు బాపా.

రూడీబాయి మొగుడి చెవి దగ్గర, "రాంకూ బాపూ, దిగకూడదట. గట్టిగా మాట్లాడకూడదట. విన్నావా?" అంది. ఆయన విన్నాడో లేదో. జీపు గేటు దాటి టేకు చెట్ల మధ్యకి వెళ్లింది. ఆకులు సగం రాలి ఉన్నాయి. దుమ్ము లేచింది.

నేను అనుకున్నది వేరు. లోపలికి వెళ్లగానే బాపా కంగారు పడతాడనీ, రూడీబాయి దారి చెప్తుందనీ అనుకున్నాను. జరిగింది తలకిందులు. మొదటి వాగు దాటగానే ఆయన పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఈ వాగు ఫలానాది. ఈ రేగు పొదల వెనక బావి ఉంటుంది. అక్కడ మా మేనమామ గేదె ఈనింది. మెల్లగా, తొందర లేకుండా, తన ఇంట్లో వస్తువులు చూపించినట్టు. జుమాభాయ్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఆ వాగుకి తనకు తెలిసిన పేరు వేరట. "మా నాన్న కూడా మీరన్న పేరే అనేవాడు బాపా," అన్నాడు.

 రూడీబాయి మాత్రం రెండు చేతులతో ముందు రాడ్డు పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. కాసేపటికి నా చెవి దగ్గర అంది.

"బెన్, నాకేమీ తెలియడం లేదు. ఇంత చెట్లు లేవు అప్పుడు. గేదెలు తిరిగి తిరిగి నేలంతా బోడిగా ఉండేది. ఇదెవరి అడవి?"

నీళ్ల తొట్టి దగ్గరికి వచ్చాం. దారి పక్కన కాస్త చదును, వాక్కాయ పొదలు, గడ్డిలో అక్కడక్కడ రాళ్లు. బాపా చెయ్యెత్తాడు. "ఆపు. వచ్చాం."

డ్రైవరు జీపు ఆపాడు. ఆయన దిగబోతే జుమాభాయ్ భుజం పట్టుకున్నాడు. బాపా మళ్లీ ప్రయత్నించలేదు. కూర్చునే చూశాడు, చాలాసేపు. రూడీబాయి కూడా చూసింది. ఈవిడ ఇప్పుడు చెప్పాలి, చూడు, ఏమీ లేదు అని. దాని కోసమే వచ్చాం. చెప్పలేదు.

"ఇది కాదు," అంది.

"ఇదే," అన్నాడు ఆయన.

"మన వాకిట్లో నిలబడితే వాగు కుడిచేతి వైపు ఉండేది. నేను బిందె ఎత్తుకుని అటే తిరిగేదాన్ని. ఇక్కడ వాగు ఎడమనుంది."

"నువ్వు వాకిటికి వీపు పెట్టి నిలబడేదానివి. ఎప్పుడూ లోపలికే చూసేదానివి. నీకు కుడీ ఎడమా ఎలా తెలుస్తుంది?"

"పిల్లాడు లోపలుంటే లోపలికి చూడనా? నీలాగ గేదెల్ని చూస్తూ నిలబడనా?"

"మెల్లగా, మెల్లగా," అన్నాడు జుమాభాయ్.

సరిగ్గా అప్పుడే డ్రైవరు వేలితో ముందుకి చూపించాడు. వాక్కాయ పొదల్లోంచి ఆడసింహం వచ్చింది, దాని వెనక రెండు పిల్లలు. తొందరేమీ లేకుండా దారి మధ్యకొచ్చి మా జీపుకి ఇరవై అడుగుల్లో కూర్చుంది. పిల్లలు దాని తోకతో ఆడుకుంటున్నాయి. వెనక ఇంకో జీపు వచ్చి ఆగింది. అందులోంచి కెమెరాల చప్పుడు. నేను సీటులో వెనక్కి జరిగాను, ఒప్పుకుంటాను. ఊళ్లో గట్టు మీద కనిపించే సింహం వేరు, ఇలా కళ్లలోకి చూస్తూ కూర్చునేది వేరు.

మొగుడూ పెళ్లాలు మాత్రం వాగు దగ్గరే ఉన్నారు. గొంతులు తగ్గించారంతే.

"మరి పాల చెట్టేది? రాయణీ అని నెస్‌కి ఆ చెట్టు పేరే కదా పెట్టారు. చూపించు."

"పడిపోయి ఉంటుంది."

"నీకు కావాల్సినవన్నీ ఉన్నాయి, నేనడిగినవన్నీ పడిపోయాయా?"

బాపా ముందుకు వంగి సింహం వైపు చూశాడు. తలపాగా సర్దుకున్నాడు. "తల్లీ, దారియ్యి. పాలు పిండే వేళ," అన్నాడు, ఇంట్లో మనిషితో అన్నట్టు. ఆడసింహం చెవి తిప్పింది. కాసేపు కూర్చుని లేచి పిల్లలతో అవతలి గడ్డిలోకి పోయింది. ఆయన మాటకే లేచిందా అని తర్వాత జుమాభాయ్‌ని అడిగాను. ఎలాగూ లేచేదే అన్నాడు. రెండడుగులు వేసి, ఏమో బెన్, నాకేం తెలుసు అన్నాడు.

జీపు కదిలింది. రూడీబాయి వెనక్కి తిరిగి ఆ చదునుని కనుమరుగయ్యేదాకా చూసింది. అప్పుడు గుర్తొచ్చినట్టు మొగుణ్ని అడిగింది.

"చూశావు కదా. ఎవరున్నారక్కడ?"

"ఎవరూ లేరు," అన్నాడు ఆయన.

ఆవిడ నావైపు చూసింది, గెలిచినట్టు. ఆయన ఇంకా పూర్తిచెయ్యలేదు.

"మేతకి పోయి ఉంటారు. పద, ఇంటికి పోదాం. రాంకూ ఒక్కడే అన్ని గేదెల్నీ పిండలేడు."

ఆ మాటలో సగం పాత అడవిలో ఉంది, సగం ఇప్పటి ఊళ్లో ఉంది. దేనికి సంతోషించాలో, దేనికి బాధపడాలో మా ఇద్దరికీ అర్థం కాలేదు. సాసణ్‌కొచ్చాక టీ తాగాం. ఆయన సాసర్లో పోసుకుని ఊదుకుంటూ హాయిగా తాగాడు. ఆవిడ టీ చల్లారిపోయింది.

తర్వాత నెలన్నర వాళ్లు కనిపించలేదు. జనవరి చివర్లో రాంకూ కూతురి స్కాలర్‌షిప్ కాగితం ఇవ్వాల్సి వచ్చి, అటువైపు పనుండి నేనే వెళ్లాను. గేటుకి తాళం లేదు. సాయంత్రం నాలుగు దాటింది. లోపల వేపచెట్టు కింద బాపా, రూడీబాయి ఎదురెదురుగా కింద కూర్చుని ఉన్నారు. మధ్యలో మట్టి చదును చేసి ఉంది. ఇద్దరి చేతుల్లోనూ పుల్లలు.

రాంకూ చెప్పాడు. జీపులో తిప్పి తీసుకొచ్చిన మర్నాడు నాలుగింటికి ఆయన కర్ర తీసుకున్నాడట. రూడీబాయికి కోపం వచ్చి, ముందు ఆ వాగు ఎటో తేల్చి అప్పుడు వెళ్లు అని నేల మీద గీత గీసిందట. ఆయన కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు. ఆ రోజు తేలలేదు. మర్నాడూ తేలలేదు. రోజూ ఆ వేళకి నేల మీద నెస్ గీస్తున్నారు. కంచె, వాకిళ్లు, వాగు, తొట్టి. గులకరాళ్లు గేదెలు. చీకటి పడేదాకా అదే పని. తర్వాత ఆకలేస్తుంది, వెళ్లే మాట మరిచిపోతాడు.

"డాక్టరు మందుకి కుదరని పని మా అమ్మ నోటికి కుదిరింది," అన్నాడు రాంకూ. "ఎన్నాళ్లో తెలీదు. వారంలో రెండు రోజులు ఇప్పటికీ గేటు దాకా వెళ్లొస్తాడు. తాళం లేదని చూసి, తిరిగొచ్చి కూర్చుంటాడు. ఎందుకో నాకర్థం కాదు."

నేను వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. గీతలు చూశాను. విచిత్రమేమంటే ఆ రోజు వాగుని బాపా కుడివైపు గీశాడు, రూడీబాయి ఎడమవైపు గీసింది.

"ఆయీ, మీరు కుడి అన్నారు కదా?"

"అన్నాను. అదే కంగారుగా ఉంది బెన్," అంది మెల్లగా. "ఇన్నేళ్లూ కోడలికి కుడి అని చెప్పాను. అక్కడికి వెళ్లి చూశాక రాత్రిళ్లు కళ్లు మూసుకుంటే ఎడమే కనిపిస్తోంది. నేను నిజంగా లోపలికి చూస్తూ నిలబడేదాన్నేమో. ఆయన రోజుకో వైపు గీస్తాడు, ఆయనకి చెల్లుతుంది. నాకు చెల్లదు కదా."

కోడలు లోపల్నుంచి, "రెండు వైపులా గీసెయ్యండత్తా, మధ్యలో మేముంటాం," అంది. రూడీబాయి కోడలికేసి పుల్ల విసిరింది.

బాపా నా చేతిలో ఇంకో పుల్ల పెట్టాడు. "నువ్వు జీపులో ఉన్నావు. నీ మతి బాగానే ఉంది. ఆ తల్లి ఎక్కడ కూర్చుందో పెట్టు."

గుర్తు తెచ్చుకున్నాను. దారి ఎటు, తొట్టి ఎటు, పొదలు ఎటు. ఇరవై అడుగుల్లో కూర్చున్న సింహం కళ్లు మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి, దాని చుట్టూ ఉన్నదంతా పోయింది. చివరికి తొట్టి పక్కన ఒకచోట పుల్ల గుచ్చాను.

ఇద్దరూ ఒకేసారి కాదన్నారు.